రైజెన్ 5 5600ని బయోస్‌లో 4.7 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లొచ్చా?

గోదారి_గేమర్ (రాజమండ్రి):
అందరికీ నమస్తే అండి. నా పీసీ వివరాలు: ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్స్ రెండు (డీడీఆర్4 3200, సీఎల్16), ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. కూలర్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చిందే. మానిటర్ 1080పీ, 144 హెర్ట్జ్.

యూట్యూబ్‌లో ఒకాయన ఇదే ప్రాసెసర్‌ని 4.7 గిగాహెర్ట్జ్‌లో నడిపి చూపించాడు. బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల పేజీ) సీపీయూ రేషియో 47 పెట్టి (అంటే 100 మెగాహెర్ట్జ్‌కి 47 రెట్లు), వోల్టేజ్ 1.4 ఇస్తే అయిపోతుందట. నాకు గేముల్లో సగటు ఫ్రేమ్స్ బాగానే వస్తున్నాయి కానీ ఫైట్ మొదలవగానే దబ్బున పడిపోతున్నాయి. పెట్టేయమంటారా? డిలీట్ కొట్టి బయోస్‌లోకి వెళ్లడం వచ్చు, ఎఫ్10 కొట్టి సేవ్ చేయడం వచ్చు. ఇప్పటిదాకా అంతకు మించి దేన్నీ ముట్టుకోలేదు.

పాతకాపు (సికింద్రాబాద్):
తమ్ముడూ, ఆ డబ్బా కూలర్ మీద 1.4 ఫిక్స్‌డ్ వోల్టేజా? వద్దు. రేషియో 45, వోల్టేజ్ 1.25తో మొదలుపెట్టి చూడు. నిలబడితే ఒక్కో మెట్టు ఎక్కు. మేమంతా అలాగే నేర్చుకున్నాం.

ఓరుగల్లు_పీసీ (హనుమకొండ):
ఆగండన్నా, అప్పుడే రేషియో దాకా ఎందుకు. గోదారి భాయ్, ముందు మూడు సంగతులు చూసి చెప్పు.

ఒకటి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే స్పీడ్ ఎంత చూపిస్తోంది? రెండు, సీపీయూ-జెడ్‌లో మెమరీ ట్యాబ్‌లో చానెల్ దగ్గర ఏముంది? మూడు, వేడి, క్లాక్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, ప్రాసెసర్‌ని పూర్తిగా పిండే పరీక్ష సినీబెంచ్ ఆర్23 పది నిమిషాలు నడుపు. చివర్లో ప్రాసెసర్ వేడి ఎంత, అన్ని కోర్ల క్లాక్ ఎంత, పీపీటీ, అంటే ప్రాసెసర్ తీసుకునే పవర్, ఎన్ని వాట్లు? గదిలో వేడి ఎంతో కూడా రాయి. ఆ ఒక్క అంకె లేకుండా టెంపరేచర్ చెప్తే లాభం లేదు.

గోదారి_గేమర్:
చూశానండి. ర్యామ్ స్పీడ్ 2400 అని ఉంది. డబ్బా మీద 3200 అని పెద్ద అక్షరాలతో రాశారు మరి! చానెల్ దగ్గర సింగిల్ అని ఉంది. సినీబెంచ్‌లో 90 డిగ్రీలకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. క్లాక్ 4.1 దగ్గర ఊగుతోంది, పీపీటీ 70 చిల్లర. స్కోరు 10,400 దాకా. గదిలో ఏసీ లేదు, గోడ గడియారంలో ఉన్న థర్మామీటర్ 36 చూపిస్తోంది.

ఓరుగల్లు_పీసీ:
అనుకున్నదే. 4.7 సంగతి దేవుడెరుగు, నువ్వు కొన్న సరుకే నీకు పూర్తిగా అందట్లేదు.

ముందు ర్యామ్. 3200 అనేది కంపెనీ పరీక్షించి ఇచ్చిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్. బయోస్‌లో దాన్ని ఆన్ చేయకపోతే ర్యామ్ మామూలు స్టాండర్డ్ స్పీడ్‌లోనే నడుస్తుంది. సీఎల్ అంకె (ర్యామ్ జవాబివ్వడానికి పట్టే సైకిళ్లు) ఒక్కటే చూస్తే తేడా తెలియదు, లెక్క వేస్తే తెలుస్తుంది. 3200కి అసలు క్లాక్ 1600 మెగాహెర్ట్జ్, ఒక్కో సైకిల్ 0.625 నానోసెకండ్లు. 16తో గుణిస్తే 10 నానోసెకండ్లు. నీ 2400 బహుశా సీఎల్17లో ఉంటుంది, అంటే 14 నానోసెకండ్ల పైమాటే. పైగా రైజెన్‌లో లోపలి భాగాల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ ర్యామ్ క్లాక్‌తో జతగా నడుస్తుంది. ర్యామ్ 1200లో ఉంటే అది కూడా 1200కే దిగి కూర్చుంటుంది. ఫైట్‌లో ఫ్రేమ్స్ పడిపోవడానికి నా మొదటి అనుమానం దీని మీదే.

ఇక సింగిల్ చానెల్, అంటే ర్యామ్‌కి రెండు దారులుంటే ఒక్కటే వాడుతోంది. కేసు తెరిచి చూడు, రెండు స్టిక్స్ పక్కపక్క స్లాట్లలో ఉండి ఉంటాయి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో స్లాట్‌లో ఒకటి పెట్టు. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలిన తర్వాతే చెయ్యి పెట్టు.

ఆ తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ. కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని, కొన్నింట్లో ఏ-ఎక్స్‌ఎంపీ అని ఉంటుంది, అన్నీ ఒకటే. ప్రొఫైల్ 1 ఎంచుకుంటే 3200, 1.35 వోల్టులు అవే వచ్చి కూర్చుంటాయి. సేవ్ చేశాక స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు, తనంతట తానే ఆగి మళ్లీ ఆన్ కావొచ్చు. అది మెమరీ ట్రైనింగ్. కంగారుపడి పవర్ బటన్ నొక్కకు.

లావణ్య_ఎడిట్స్ (విశాఖ):
బయోస్ ముట్టుకునే ముందు ఒక్క మాట. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్‌లో ఉండొచ్చు. బయోస్ అప్‌డేట్ చేసినా, టీపీఎం (తాళాలు దాచే సెక్యూరిటీ భాగం) రీసెట్ అయినా, బూట్ సెట్టింగులు మారినా నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే తెరిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. పీసీ ఆగిపోయాక ఫోన్‌లో ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కోసం వెతుక్కోవడం ఎంత టెన్షనో మా ఇంట్లో అందరికీ తెలుసు.

రెండోది, ఎక్స్‌ఎంపీ పెట్టగానే పీసీ ఆన్ అయింది కదా అని సంబరపడొద్దు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు నాలుగు పాస్‌లకి పెట్టేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు. గేమ్ క్రాష్ అయితే మళ్లీ ఆడుకోవచ్చు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నాలాంటి వాళ్లకి రెండు గంటల రెండర్ మధ్యలో ఫైలు పాడైతే పెళ్లివారికి ఏం చెప్పాలి?

గోదారి_గేమర్:
కేసు తెరిస్తే మీరన్నట్టే ఉందండి, రెండు స్టిక్స్ పక్కపక్కనే. అసెంబుల్ చేసిన షాపు వాళ్లు అలాగే బిగించి ఇచ్చారు. రెండో స్లాట్‌కి, నాలుగో స్లాట్‌కి మార్చి ఎక్స్‌ఎంపీ పెట్టా. స్క్రీన్ నల్లగా అయి రెండుసార్లు ఆగి ఆన్ అయింది. చెయ్యి కట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు 3200, డ్యూయల్ చూపిస్తోంది. మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ క్లీన్.

గేమ్‌లో తేడా మామూలుగా లేదు. సగటు కాస్త పెరిగింది, అది సరే. ఫైట్‌లో పడిపోవడం దాదాపు పోయింది. ఒక శాతం లో ఫ్రేమ్స్ అంటారే (బాగా పడిపోయిన క్షణాల్లో వచ్చే ఫ్రేమ్స్), అది ఇదివరకు 70ల్లో ఉండేది, ఇప్పుడు వంద దాటి ఉంటోంది.

అయినా సరే, 4.7 మీద మనసు పోవట్లేదండి.

పాతకాపు:
పోనివ్వకు! ఆ మనసు లేకపోతే ఈ రంగంలో పనేముంది.

1998లో సెలెరాన్ 300ఏ వచ్చింది. దాని మల్టిప్లయర్ 4.5, బస్సు (బోర్డు ఇచ్చే మూల క్లాక్) 66 మెగాహెర్ట్జ్, రెండూ గుణిస్తే 300. బోర్డులో బస్సుని 100 చేస్తే 450 అయ్యేది. చాలా చిప్స్‌కి వోల్టేజ్ కూడా పెంచాల్సిన పని ఉండేది కాదు. తక్కువ డబ్బుకి పెద్ద పెంటియం పనితనం. తర్వాత కోర్ 2 రోజుల్లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఈ2160లు తెచ్చుకునేవాళ్లం. 1.8 గిగాహెర్ట్జ్‌ది, బస్సు 200 నుంచి 333కి తోస్తే 3.0. క్యూ6600 అయితే 266 నుంచి 333, అంటే 2.4 కాస్తా 3.0. కింద పార్క్‌లేన్‌లో టీ తాగుతూ ఎవడి బోర్డు ఎంత బస్సు తీసుకుందో చెప్పుకోవడమే పని.

అందుకే అంటున్నా, రేషియో పెట్టు, వోల్టేజ్ పెట్టు, నీ చేత్తో నువ్వు చూసుకో. అన్నీ ఆటోలో వదిలేస్తే యంత్రం నిన్ను నడిపిస్తుంది.

ఓరుగల్లు_పీసీ:
అన్నా, మీ ఈ2160 లెక్కే తీసుకుందాం. 1.8 నుంచి 3.0 అంటే 66 శాతం లాభం. అప్పట్లో కంపెనీ వాళ్లు అంత జాగా వదిలేసి అమ్మేవాళ్లు. 5600 మామూలుగానే 4.4 దాకా, ఇంకొంచెం పైకి కూడా బూస్ట్ అవుతుంది. పీబీఓలో (బూస్ట్ హద్దులు పెంచే ఏఎండీ సెట్టింగ్) గరిష్ఠంగా ఇచ్చే 200 మెగాహెర్ట్జ్ కలిపినా 4.65. అంటే అయిదు శాతం కూడా లేదు. జాగా అంతా ఫ్యాక్టరీలోనే వాడేశారు.

ఫిక్స్‌డ్ రేషియోతో ఇంకో చిక్కు ఉంది. 45 పెట్టి లాక్ చేస్తే అన్ని కోర్లూ 4.5లోనే ఉంటాయి, ఒక్క కోర్ మీద పని పడ్డప్పుడు పైకి ఎగిరే వీలు పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా మీరిచ్చిన వోల్టేజే. మా దగ్గర కరెంటు బిల్లు సంగతి వదిలేయండి, గది వేడెక్కుతుంది.

అందుకే ఈ తరం రైజెన్‌లకి దారి కర్వ్ ఆప్టిమైజర్. బయోస్‌లో పీబీఓ అడ్వాన్స్‌డ్ చేస్తే దాని లోపల కనపడుతుంది. ప్రతి క్లాక్‌కీ ఇంత వోల్టేజ్ అని ప్రాసెసర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. నెగెటివ్ 10 అంటే ఆ పట్టికని పది మెట్లు కిందకి దించడం. మెట్టుకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మైనస్ 30 దాకా ఇస్తారు. అదే వేడిలో, అవే వాట్లలో ఎక్కువ క్లాక్ వస్తుంది.

వేడి తగ్గుతుందని మాత్రం తొందరపడి అనుకోకు. 5600కి పీపీటీ హద్దు 76 వాట్లు. ఆ హద్దుకి తగిలి నడుస్తున్నంతసేపూ మిగిలిన వోల్టేజ్‌ని క్లాక్‌గా మార్చుకుంటుంది, వేడి అలాగే ఉంటుంది. క్లాక్ హద్దుకి చేరాకే వాట్లు దిగుతాయి. నీకైతే అంతకంటే ముందు 90 డిగ్రీల గోడ అడ్డం వస్తోంది. ఆ కూలర్ మార్చకుండా ఏ సెట్టింగ్ పెట్టినా దండగ.

పాతకాపు:
అయిదు శాతం లెక్కకి ఎదురు చెప్పను. కానీ రెండర్లు, కంపైలింగ్ చేసేవాడికి అన్ని కోర్లూ ఒకే క్లాక్‌లో ఉంటే బాగుంటుంది, ఆ మాట వెనక్కి తీసుకోను.

కూలర్ మాత్రం నేను చెప్తా విను. రెండు వేల రూపాయల ప్రాంతంలో నాలుగు హీట్‌పైపుల సింగిల్ టవర్ దొరుకుతుంది, 5600కి అది చాలు. నీళ్ల కూలర్ జోలికి పోనక్కర్లేదు. పాతది తీసేటప్పుడు ఏఎమ్4 సాకెట్‌తో జాగ్రత్త. పేస్ట్ ఆరిపోయి ఉంటే కూలర్‌ని నిలువుగా లాగావంటే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దానికి అంటుకుని వచ్చేస్తుంది. ఈ రకానికి పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, ఒక్కటి వంగినా ప్రాణం ఉసూరంటుంది. అందుకని ముందు సినీబెంచ్ పది నిమిషాలు నడిపి పేస్ట్ వేడెక్కనీ. తర్వాత ఆపి, ప్లగ్ పీకి, నాలుగు స్క్రూలు మూలకి ఒకటి చొప్పున కొద్దికొద్దిగా వదులు చెయ్యి. అప్పుడు కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పు. జిగురు వదిలినట్టు తెలుస్తుంది, అప్పుడు ఎత్తు.

పల్నాడు_ప్రాసెసర్ (మాచర్ల):
మాది రెంటచింతలకి దగ్గర. మే నెలలో మా ఊరి ఎండ గురించి పేపర్లో చదివే ఉంటారు. ఓవర్‌క్లాక్ గురించి ఎవరైనా మాట్లాడితే ముందు నెల ఏదో అడుగుతా.

గాలి కూలర్ అయినా, నీళ్ల కూలర్ అయినా గది వేడి కంటే కిందకి దించలేవు. గది వేడి మీద ఇంత అని కలుపుతాయి, అంతే. జనవరిలో 24 డిగ్రీల గదిలో 76 వాట్ల దగ్గర నా ప్రాసెసర్ 66లో ఉంటే, అదే సెట్టింగ్‌తో మే మధ్యాహ్నం 41 డిగ్రీల గదిలో 83. పీసీ ఏం మారలేదు, పంచాంగం మారింది.

అందుకే బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి పెట్టుకున్నా. ఒకటి చలికాలానిది, పీబీఓ, కర్వ్ అన్నీ ఉంటాయి. రెండోది ఎండాకాలానిది, ఎకో మోడ్ 45 వాట్లు. అందులో పీపీటీ 61కి దిగుతుంది. గేముల్లో తేడా నాకైతే కనపడలేదు, ఎందుకంటే గేములు ఆరు కోర్లనీ పూర్తిగా పిండవు. రెండర్ కాస్త ఆలస్యమవుతుంది. ఫ్యాన్ రొద తగ్గి అమ్మ తిట్లు కూడా తగ్గాయి.

ఇంకోటి, గది చల్లబరిచే ఎయిర్ కూలర్‌ని తెచ్చి పీసీకి ఎదురుగా పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ తడి గాలి బోర్డుకి మంచిది కాదు. మీ వైపు పెట్టుకోండి.

గోదారి_గేమర్:
టవర్ కూలర్ వచ్చింది, బిగించేశా. పాతకాపు గారు చెప్పినట్టే వేడి చేసి తిప్పితే సుఖంగా ఊడింది. ఇప్పుడు అదే గదిలో సినీబెంచ్ 74 డిగ్రీలు, క్లాక్ 4.35, స్కోరు 11,000 దాటింది. ఇంకా బయోస్‌లో ప్రాసెసర్ వైపు ఏమీ ముట్టుకోకుండానే!

ఒక భయం ఉందండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ వోల్టేజ్ ఒక్కోసారి 1.4 దాటి కనిపిస్తోంది. నేను పెట్టలేదు, అన్నీ ఆటోలోనే ఉన్నాయి. ప్రాసెసర్ మాడిపోతుందా?

ఓరుగల్లు_పీసీ:
మాడదు. ఒకటి రెండు కోర్లు పైకి బూస్ట్ అయినప్పుడు, కరెంట్ తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే అది అంత తీసుకుంటుంది. సినీబెంచ్ నడుస్తుండగా చూడు, బాగా కిందకి దిగిపోతుంది. ప్రమాదం ఎక్కడంటే, ఆ 1.4ని నువ్వు ఫిక్స్ చేసి ఆరు కోర్ల మీదా పూర్తి లోడ్ పెట్టినప్పుడు. ఆ యూట్యూబ్ ఆయన చెప్పింది అదే.

బయోస్ ముఖపేజీలో ఒక్క బటన్‌తో ఓవర్‌క్లాక్ చేసే ఆప్షన్లు కూడా వాడకు. అన్ని చిప్స్‌కీ సరిపోవాలని వోల్టేజ్ దండిగా పోసేస్తాయి.

ఫ్రేమ్స్_పిచ్చోడు (బెంగళూరు):
ఇంత సాగదీయడం ఎందుకు బ్రో. పీబీఓ ఆన్, బూస్ట్ ప్లస్ 200, కర్వ్ ఆల్ కోర్ నెగెటివ్ 30. నాది 5600ఎక్స్, ఏడాది పైనే అలాగే నడుస్తోంది, రాక్ స్టేబుల్. పెట్టేసి గేమ్ ఆడుకో.

గోదారి_గేమర్:
పెట్టా బ్రో. సినీబెంచ్ అరగంట నడిపా, క్లాక్ 4.6 పైన, స్కోరు 11,700. వేడి 77. ఆనందంగా ఉంది.

కానీ ఒక వింత. గేమ్ ఆడితే ఏమీ కాదు. ఆట ఆపి యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుని అన్నానికి వెళితే, వచ్చేసరికి పీసీ రీస్టార్ట్ అయి లాగిన్ స్క్రీన్ దగ్గర ఉంటోంది. నీలం స్క్రీన్ లేదు, చప్పుడు లేదు. ఇంట్లో కరెంటు పోలేదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పవర్ సప్లై పోతోందంటారా?

డల్లాస్_డెస్క్‌టాప్ (టెక్సస్):
పవర్ సప్లైకి డబ్బులు పెట్టకు. ఈవెంట్ వ్యూయర్ తెరువు. విండోస్ లాగ్స్, సిస్టమ్. కుడివైపు ఫిల్టర్‌లో సోర్స్ డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పెట్టు, హార్డ్‌వేర్ తప్పులు రాసేది అదే. రీస్టార్ట్ అయిన టైమ్‌కి ఈవెంట్ 18 ఉందేమో చూడు. ఉంటే దాని మీద నొక్కి కింద వచ్చే వివరం మొత్తం ఇక్కడ పెట్టు.

గోదారి_గేమర్:
ఉందండి. ఈవెంట్ 18. "క్యాష్ హైరార్కీ ఎర్రర్" అని ఉంది. "ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ: 2". ఇంకొక రోజుది చూస్తే అక్కడ ఐడీ 3. మిగతావన్నీ ఈ రెండే, మారి మారి.

ఓరుగల్లు_పీసీ:
దొరికాడు దొంగ. నీ ప్రాసెసర్‌లో కోర్‌కి రెండు థ్రెడ్లు. ఐడీ 0, 1 కోర్ 0వి. 2, 3 కోర్ 1వి. అంటే ప్రతిసారీ పడిపోయింది ఒకే కోర్, కోర్ 1. ఇప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్ల పేర్ల పక్కన పెర్ఫ్ ర్యాంకులు ఉంటాయి. పందెం కాస్తా, కోర్ 1 పక్కన మొదటి ర్యాంకో రెండో ర్యాంకో ఉంటుంది.

కారణం చెప్తా. మంచి కోర్లకి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజ్ రాసి ఉంటుంది, అవి అంతలోనే పరిగెత్తగలవు కాబట్టి. అందులోంచి ఇంకా ముప్పై మెట్లు తీస్తే వాటికి మిగిలేది ఏమీ ఉండదు. నాసిరకం కోర్లకి వోల్టేజ్ ఎక్కువ రాసి ఉంటుంది, అక్కడ తగ్గించినా తట్టుకుంటాయి. ఇక పాటలు వినేటప్పుడే ఎందుకంటే, చిన్న పనులన్నీ విండోస్ మంచి కోర్‌కే ఇస్తుంది. మిగతావి నిద్రపోతాయి, ఆ ఒక్కటీ 4.65కి ఎగురుతుంది. సినీబెంచ్‌లో ఆరూ కలిసి నడుస్తాయి కనుక ఏదీ అంత ఎత్తుకి వెళ్లదు. అందుకే సినీబెంచ్ అరగంట కాదు, రోజంతా నడిపినా ఈ జబ్బు బయటపడదు.

పర్ కోర్‌కి మార్చు. మంచి కోర్లు రెండింటికీ మైనస్ 10, మిగతా నాలుగింటికీ మైనస్ 25. బూస్ట్ ప్లస్ 200 ప్రస్తుతానికి సున్నా చెయ్యి, ఒకేసారి రెండు మారిస్తే ఏది పడగొట్టిందో తెలియదు. తర్వాత కోర్‌సైక్లర్ దింపుకో. అది ప్రైమ్95ని ఒక్కో కోర్ మీద విడివిడిగా నడుపుతుంది, తప్పు వచ్చిన కోర్ పేరు చెప్పి లాగ్‌లో రాస్తుంది. రాత్రంతా వదిలెయ్.

ఒక తిరకాసు ఉంది. బయోస్‌లోనూ, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలోనూ కోర్లు 0 నుంచి మొదలవుతాయి. రైజెన్ మాస్టర్‌లో 1 నుంచి. అందులో నక్షత్రం గుర్తు చూసి ఇక్కడ అదే నంబర్‌కి పెట్టావంటే పక్క కోర్‌కి పెట్టినట్టే.

ఫ్రేమ్స్_పిచ్చోడు:
నాకు రాలేదే మరి. ఇప్పుడే ఈవెంట్ వ్యూయర్ మొత్తం వెతికా, ఒక్క 18 లేదు, 19 లేదు. చూసే చెప్తున్నా.

లావణ్య_ఎడిట్స్:
మీది అదృష్టవంతమైన చిప్ అండీ, అంతే. పైగా మీది 5600ఎక్స్, వేరే బిన్, అంటే ఫ్యాక్టరీలో వేరు చేసిన ఇంకో గ్రేడు. మీ అంకెలు ఇంకొకరికి మందు చీటీలా రాసివ్వొద్దు.

నాకు ఒక సందేహం. కర్వ్ అసలు ముట్టుకోని వాళ్లకి కూడా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతోందని అప్పుడప్పుడు వింటుంటాను. వాళ్లేం చేయాలి?

డల్లాస్_డెస్క్‌టాప్:
బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఒకటి ఉంటుంది, దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్ చేసి చూడాలి. కొన్ని పాత పవర్ సప్లైలు ప్రాసెసర్ మరీ తక్కువ కరెంట్‌కి దిగితే తట్టుకోలేవు. అప్పటికీ తగ్గకపోతే అన్నీ డిఫాల్ట్‌లో, ఎక్స్‌ఎంపీ కూడా లేకుండా నడిపి చూడాలి. అలా కూడా 18 వస్తే చిప్‌దే లోపం, వారంటీకి పంపడమే. వారంటీ అంటే గుర్తొచ్చింది, ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదు, వాళ్ల లెక్కలో పీబీఓ కూడా ఓవర్‌క్లాకే. తెలిసి దిగండి.

అన్నీ ఆటోలో ఉంటే క్షేమం అని కూడా అనుకోవద్దు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్స్ కొన్ని కాలిపోయాయి, ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటి ఏఎండీ ర్యామ్ ప్రొఫైల్) ఆన్ చేస్తే బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ వైపుది) బాగా పెంచేయడం దానికి ఒక కారణం. తర్వాత ఏఎండీ 1.3 వోల్టుల హద్దు పెట్టి బయోస్‌లు ఇప్పించింది. ఇంటెల్ 13, 14 తరాల్లో ఎక్కువ వోల్టేజ్ అడిగే గొడవ వచ్చి 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్) ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. ఈ చిప్స్ ఉన్నవాళ్లు ఓవర్‌క్లాక్ సంగతి తర్వాత, ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి.

గోదారి భాయ్‌కి ఇంకోటి. నీది ఆర్‌ఎక్స్ 6600 కదా, బయోస్‌లో ఎబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తం ప్రాసెసర్‌కి ఒకేసారి అందేలా చేసేవి) ఆన్ చేసుకో, కొన్ని గేముల్లో ఊరికే ఫ్రేమ్స్ వస్తాయి. దానికి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే ఆప్షన్) ఆఫ్‌లో ఉండాలి. ఆఫ్ చేసే ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విండోస్ ఉన్న డిస్క్ జీపీటీనా (కొత్త డిస్క్ పద్ధతి) ఎంబీఆరా (పాతది) చూడు. ఎంబీఆర్ అయితే విండోస్ బూట్ కాదు. ముందు ఎంబీఆర్2జీపీటీతో మార్చుకుని, డేటా బ్యాకప్ ఉంచుకుని, ఆ తర్వాత.

గోదారి_గేమర్:
కోర్ 1 పక్కన మొదటి ర్యాంకే ఉందండి, పందెం మీదే. రెండో ర్యాంక్ కోర్ 4కి. మీరు చెప్పినట్టు పెట్టి కోర్‌సైక్లర్ నడిపా. మధ్యలో కరెంటు పోయి ఒకసారి టెస్ట్ గంగలో కలిసింది. రెండోసారి కోర్ 3 మైనస్ 25 దగ్గర ఎర్రర్ ఇచ్చింది, దాన్ని 18 చేశా. ఇప్పుడు రాత్రంతా క్లీన్. పాటలు పెట్టి వదిలేసినా పడిపోవట్లేదు. డిస్క్ జీపీటీయే, రీసైజబుల్ బార్ కూడా ఆన్ అయింది.

తర్వాత బూస్ట్ ప్లస్ 100 పెట్టి మళ్లీ పరీక్షించా, నిలబడింది. ప్లస్ 200కి కోర్ 1 ఒప్పుకోలేదు. ప్రస్తుతం ఒక్క కోర్ మీద 4.55, సినీబెంచ్‌లో 4.5, స్కోరు 11,400 చుట్టూ.

ర్యామ్‌ని 3600కి తోయమంటారా?

లావణ్య_ఎడిట్స్:
ప్రయత్నిస్తే తప్పు లేదు, ఫ్యాబ్రిక్ 1800 పెట్టాలి, జత తప్పకూడదు. అయితే 3200 సీఎల్16, 3600 సీఎల్18 రెండూ పది నానోసెకండ్లే. మళ్లీ మెమ్‌టెస్ట్ మొదటి నుంచి. నేనైతే ఆ రాత్రి నిద్రపోతాను.

కొత్తపీసీ_కుమార్ (కరీంనగర్):
ఇదంతా చదివాను అన్నలూ. నాది ఐ5-12400, హెచ్610 బోర్డు. నాకు ఇందులో ఏది పనికొస్తుంది?

పాతకాపు:
12400 లాక్ చేసిన ప్రాసెసర్, హెచ్610లో ర్యామ్ ఓవర్‌క్లాక్ కూడా ఉండదు. 3200 ర్యామ్ అయితే దాని మామూలు హద్దు అదే కాబట్టి 3200లో నడుస్తోందో లేదో చూసుకో, డ్యూయల్ చానెల్ చూసుకో. అంతే నీ పని. ఆ డబ్బులు కార్డు మీద పెట్టు.

పల్నాడు_ప్రాసెసర్:
గోదారి బ్రో, ఇంత కష్టపడి పెట్టుకున్న అంకెలు ప్రొఫైల్‌గా సేవ్ చేసి వదిలేయకు. బయోస్ అప్‌డేట్ చేస్తే బోర్డులో సేవ్ చేసిన ప్రొఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి, పాత వెర్షన్‌వి కొత్తదాంట్లో లోడ్ కాకపోవచ్చు కూడా. ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ పెట్టి బయోస్‌లో ఎఫ్12 కొడితే చాలా బోర్డుల్లో ఆ పేజీ ఫొటో అందులోకి వెళ్తుంది. కర్వ్ పేజీ, ర్యామ్ పేజీ రెండూ తీసి ఫోన్‌లో కూడా వేసుకో.